జాబ్ కార్డు నుంచి కూలి చేతికందే వరకు: ఉపాధి హామీలో జాప్యం నివారణకు ప్రభుత్వ చర్యలు

గార్లదిన్నె (అనంతపురం జిల్లా): కరువు ప్రాంతంలో కూలీకి పని దొరకడం ఎంత ముఖ్యమో, ఆ పని సకాలంలో దొరకడం కూడా అంతే ముఖ్యం. పని కోరిన దరఖాస్తు రెండు వారాలు కదలకుండా ఉండిపోతే ఆ కుటుంబం మూడో వారంలో ఊరు విడిచి వెళుతుంది. గ్రామీణ పేదకు జాబ్ కార్డే పనికి అనుమతి పత్రం. ఆ కార్డు జారీ, దానిపై పని కేటాయింపు, చేసిన పనికి కూలి చెల్లింపు అనే మూడు దశల్లో జాప్యాన్ని తగ్గించేందుకు 2006 నుంచి కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు అనేక చర్యలు చేపట్టాయి. వాటి స్వరూపం, ఫలితాలు, మిగిలి ఉన్న లోపాలు గార్లదిన్నె వంటి మెట్ట మండలం దృష్ట్యా ఈ దిగువ వివరించడమైనది.

కరువు నేల - వలస బాట

గార్లదిన్నె మండలం అనంతపురం నగరానికి ఉత్తరాన, గుత్తి వెళ్లే దారిలో, హైదరాబాద్ - బెంగళూరు 44వ నెంబరు జాతీయ రహదారిపై ఉంది. పెన్నా నదిపై నిర్మించిన మిడ్ పెన్నార్ జలాశయం ఈ మండలంలోని పెనకచర్ల వద్దనే ఉంది. తుంగభద్ర ఎగువ కాలువ నీరు ఈ జలాశయానికి చేరుతుంది. కాలువ నీరు అందే పొలాలను మినహాయిస్తే తక్కిన భూములకు వానే ఆధారం. జిల్లాలో సాధారణ వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. ఖరీఫ్‌లో వేసే వేరుశనగ పంటకు అదను తప్పితే రైతుతో పాటు రైతు కూలీ కూడా పని కోల్పోతాడు. 200 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న బెంగళూరుకు ఈ రహదారి మీదుగానే బస్సులు నడుస్తాయి. కాబట్టి ఇక్కడ వలస అనేది ఒక్క రాత్రి ప్రయాణం.

కరువు కాలంలో పని కల్పించడం ఈ సీమకు కొత్త కాదు. 1876-78 మధ్య వచ్చిన మహా క్షామాన్ని ప్రజలు ధాత కరువుగా ఇప్పటికీ చెప్పుకుంటారు. నాడు ఈ ప్రాంతం బళ్లారి జిల్లాలో అంతర్భాగం. 1882లో అనంతపురం ప్రత్యేక జిల్లాగా ఏర్పడింది. నాటి నుంచి క్షామ నివారణ పనులు ప్రభుత్వం తలచినప్పుడు తెరిచి, వద్దనుకున్నప్పుడు మూసివేసేవి. పని అడిగే హక్కు కూలీకి లేదు. ఉపాధి హామీ పథకాన్ని జిల్లా ప్రజలు నేటికీ ‘కరువు పని’ అని పిలవడంలో ఆ పాత అనుభవమే కనిపిస్తుంది. అయితే కొత్త కరువు పనికీ పాత కరువు పనికీ మౌలికమైన తేడా ఒకటి ఉంది. కొత్తదానికి చట్టం గడువు విధించింది.

బండ్లపల్లిలో ఆరంభం

జాతీయ గ్రామీణ ఉపాధి హామీ చట్టాన్ని పార్లమెంటు 2005లో ఆమోదించింది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లి గ్రామంలో నాటి ప్రధానమంత్రి డాక్టర్ మన్మోహన్ సింగ్ ఈ పథకాన్ని ప్రారంభించారు. నేటి శింగనమల శాసనసభ నియోజకవర్గంలో నార్పల, గార్లదిన్నె మండలాలు రెండూ ఉన్నాయి. తొలి దశలో దేశవ్యాప్తంగా 200 జిల్లాల్లో పథకం అమలైంది. వాటిలో నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు చెందిన జిల్లాలు 13. 2007-08లో మరో 130 జిల్లాలకు, 2008 ఏప్రిల్ నుంచి మిగిలిన గ్రామీణ జిల్లాలన్నింటికీ పథకం విస్తరించింది. 2009లో దీనికి మహాత్మాగాంధీ పేరు పెట్టారు.

గ్రామీణ కుటుంబానికి ఏడాదిలో 100 రోజుల పనికి చట్టం హామీ ఇచ్చింది. కరువు ప్రాంతాలుగా ప్రకటించిన చోట్ల అదనంగా 50 రోజులు కల్పించే వెసులుబాటు ఉండేది. తరచూ కరువు మండలాల జాబితాకు ఎక్కే అనంతపురం జిల్లాకు ఈ అదనపు దినాలు కీలకమయ్యాయి.

చట్టం విధించిన మూడు గడువులు

జాప్యం గురించి చర్చించేటప్పుడు మూడు వేర్వేరు గడువులను విడివిడిగా చూడవలసి ఉంటుంది.

మొదటిది కార్డు గడువు. నమోదు కోసం దరఖాస్తు చేసిన కుటుంబానికి, విచారణ పూర్తి చేసి, 15 రోజుల్లోగా జాబ్ కార్డు ఇవ్వాలి. కార్డుకు గానీ, దానిపై అతికించే ఫొటోకు గానీ కూలీ నుంచి రుసుము వసూలు చేయరాదు.

రెండవది పని గడువు. కార్డు ఉన్న వ్యక్తి పని కోరితే, దరఖాస్తు అందిన తేదీ నుంచి గానీ, పని కోరిన తేదీ నుంచి గానీ 15 రోజుల్లోగా పని చూపాలి. నివాసానికి 5 కిలోమీటర్ల లోపు పని చూపలేకపోతే కూలిపై 10 శాతం అదనంగా చెల్లించాలి. గడువులోగా పని చూపలేకపోతే నిరుద్యోగ భృతి ఇవ్వాలి. ఇది ఆ ఆర్థిక సంవత్సరంలో మొదటి 30 రోజులకు కూలి రేటులో నాలుగో వంతుకు, ఆ తర్వాత సగానికి తగ్గరాదు.

మూడవది కూలి గడువు. చేసిన పనికి వారానికొకసారి, ఎట్టి పరిస్థితుల్లోనూ పక్షం రోజులకు మించకుండా కూలి చెల్లించాలి.

51 రోజుల లెక్క

ఈ మూడు గడువులను వరుసగా పేర్చి చూస్తే జాప్యం నివారణకు ఉన్న ప్రాధాన్యం స్పష్టమవుతుంది. ఉదాహరణకు కార్డు లేని ఒక కుటుంబం ఫిబ్రవరి 1న నమోదుకు దరఖాస్తు చేసిందనుకుందాం. యంత్రాంగం ప్రతి దశలోనూ చివరి రోజు వరకు ఆగితే కార్డు ఫిబ్రవరి 16న అందుతుంది. అదే రోజు పని కోరితే మార్చి 3 నాటికి పని చూపాలి. ఆరు రోజులు పని చేస్తే మార్చి 8న మస్టరు ముగుస్తుంది. మార్చి 23 నాటికి కూలి ఖాతాకు చేరాలి. అంటే ఏ ఒక్క నిబంధనా ఉల్లంఘన కాకుండానే, మొదటి రూపాయి చేతికి అందేందుకు 51 రోజులు పడుతుంది.

కరువు నెలల్లో దినకూలీ కుటుంబం 51 రోజులు వేచి ఉండగలిగే స్థితిలో ఉండదు. కాబట్టి 15 రోజులనేది చేరుకోవలసిన లక్ష్యం కాదని, దాటకూడని హద్దు మాత్రమేనని అధికారులు గుర్తించవలసి ఉంటుంది. రాష్ట్రంలో చేపట్టిన సంస్కరణలన్నీ ఈ హద్దు లోపలే దశలను కుదించే ప్రయత్నాలుగా చూడవచ్చు.

జాబ్ కార్డుల జారీ

నమోదు దరఖాస్తులో కుటుంబంలోని 18 ఏళ్లు నిండిన వారి పేర్లు, వయస్సు, చిరునామా ఉంటే సరిపోతుంది. పంచాయతీ విచారించవలసిన అంశాలు కూడా పరిమితమే. దరఖాస్తుదారు స్థానికుడా, పేర్కొన్న వారంతా ఒకే కుటుంబమా, పేర్లు నమోదైన వారు వయోజనులా అన్నవి మాత్రమే చూడాలి. ఆదాయం, కులం, భూమి విస్తీర్ణం వంటి అంశాలు అర్హతకు అడ్డంకి కావు. ఈ విషయం తెలియక అదనపు ధ్రువపత్రాలు అడిగిన చోట సహజంగానే జాప్యం పెరుగుతుంది.

పథకం ఆరంభంలో గ్రామసభల్లోనే దరఖాస్తులు స్వీకరించి, ఊరంతటికీ ఒకేసారి నమోదు జరపడం వల్ల కార్డుల జారీ వేగవంతమైంది. ఆ తర్వాత తలెత్తే ఇబ్బంది వేరు. పెళ్లయి వేరుపడిన జంటలు, వలస నుంచి తిరిగివచ్చిన వారు, కొత్తగా 18 ఏళ్లు నిండిన వారు ఒక్కొక్కరుగా వస్తారు. వీరికి ఊరంతటి నమోదు ఉండదు. వీరి దరఖాస్తులపై తేదీ వేసి నమోదు పుస్తకంలో చేర్చడమే జాప్యానికి విరుగుడు. 2019 అక్టోబరు 2న రాష్ట్రంలో గ్రామ సచివాలయ వ్యవస్థ ప్రారంభమయ్యాక, ఇటువంటి దరఖాస్తులకు మండల కార్యాలయం దాకా వెళ్లవలసిన అవసరం తగ్గింది.

2020లో కరోనా లాక్‌డౌన్ కాలంలో ఈ అవసరం ఒక్కసారిగా పెరిగింది. నగరాల నుంచి తిరిగివచ్చిన కుటుంబాలు సొంత ఊళ్లలో పని కోరాయి. 2020-21లో దేశవ్యాప్తంగా సుమారు 389 కోట్ల పనిదినాలు నమోదయ్యాయి. పథకం చరిత్రలో ఇదే అత్యధికం. కార్డు త్వరగా అందిన కుటుంబానికే ఆ పనిదినాల్లో వాటా దక్కింది.

కార్డు ఇవ్వడంలోనే కాక తొలగించడంలోనూ జాగ్రత్త అవసరం. 2022-23లో దేశవ్యాప్తంగా 5 కోట్లకు పైగా కూలీల పేర్లు జాబితాల నుంచి తొలగింపునకు గురయ్యాయి. తప్పుడు వివరాలతో నమోదైన పేరును తొలగించాలన్నా, ఇద్దరు స్వతంత్ర వ్యక్తుల సమక్షంలో ఆ కుటుంబం వాదన వినాలని చట్టంలోని షెడ్యూలు నిర్దేశించింది. పొరపాటున పేరు తొలగిన కుటుంబానికి గడువుల లెక్క మళ్లీ మొదటికి వస్తుంది.

తేదీ వేసిన రసీదే కీలకం

పని గడువు దరఖాస్తు అందిన తేదీ నుంచి మొదలవుతుంది. ఆ తేదీకి రుజువు రసీదు. రసీదు ఇవ్వకపోతే గడువు మొదలైనట్టు రికార్డు ఉండదు. గడువు మొదలు కానప్పుడు జాప్యం కూడా లెక్కకు రాదు. నిరుద్యోగ భృతి చెల్లింపులు దేశంలో చాలా చోట్ల అరుదుగా నమోదు కావడానికి ప్రధాన కారణం ఇదే. కూలీ నోటిమాటగా పని అడగడం, పని తెరిచిన రోజునే దరఖాస్తు వచ్చినట్టు రాసుకోవడం జరిగితే కాగితాల మీద ఎక్కడా ఆలస్యం కనిపించదు.

నిరుద్యోగ భృతి భారం రాష్ట్ర ప్రభుత్వానిది. రాష్ట్రంలో 2025-26 సంవత్సరానికి నిర్ణయించిన కూలి రేటు రోజుకు రూ.307. దీని ప్రకారం మొదటి 30 రోజులకు భృతి రోజుకు రూ.76.75కు, ఆ తర్వాత రూ.153.50కు తగ్గరాదు. 2005 నాటి చట్టం ప్రకారం పని చూపితే కూలి సొమ్ము కేంద్రం ఇవ్వాలి, చూపకపోతే భృతి సొమ్ము రాష్ట్రం భరించాలి. సకాలంలో పని చూపేలా రాష్ట్రాలను ప్రోత్సహించడమే ఈ ఏర్పాటు ఉద్దేశం. అయితే రసీదు లేని చోట ఈ ఉద్దేశం నెరవేరదు.

ఈ లోపాన్ని సరిదిద్దేందుకు నోటిమాటగా, రాతపూర్వకంగా, ఫోన్ ద్వారా వచ్చే కోరికలన్నింటినీ నమోదు చేయాలని, నెలకొకసారి ఉపాధి దినం జరిపి పని దరఖాస్తులు స్వీకరించాలని మార్గదర్శకాలు సూచించాయి. ఉమ్మడి రాష్ట్రంలో కూలీలను శ్రమశక్తి సంఘాలుగా ఏర్పరచడం మరో ముఖ్యమైన చర్య. ఒంటరిగా అడిగే కూలీ కంటే సంఘంగా అడిగే కూలీలకు రసీదు పొందడం సులభం. సంఘానికి మేట్ ఉండటం వల్ల పని కేటాయింపు కూడా ఒకేసారి జరుగుతుంది.

పనుల జాబితా, మస్టరు, కొలతలు

పని కోరిన తర్వాత అంచనాలు తయారు చేయడం మొదలుపెడితే 15 రోజులు చాలవు. అందుకే ప్రతి గ్రామానికి ముందుగానే పనులు గుర్తించి, గ్రామసభ ఆమోదంతో, సాంకేతిక, పరిపాలనా అనుమతులతో సిద్ధంగా ఉంచవలసి ఉంటుంది. అనంతపురం జిల్లాలో నీటి కుంటలు, కందకాలు, చెరువుల పూడికతీత, సన్నకారు రైతుల భూముల్లో పండ్ల తోటల పెంపకం వంటి పనులు ప్రధానంగా ఈ జాబితాలో చేరాయి. ఫిబ్రవరి నుంచి జూన్ వరకు పొలం పనులు లేని కాలానికి సరిపడా పనులు జనవరిలోపే మంజూరై ఉంటే రెండో గడువు సమస్య సగానికి పైగా తీరుతుంది.

పని పూర్తయ్యాక కూలి లెక్క కొలతలపై ఆధారపడుతుంది. ఫీల్డ్ అసిస్టెంట్ మస్టరు నిర్వహించాక టెక్నికల్ అసిస్టెంట్ వచ్చి పని కొలవాలి. కొలతలు మండల కార్యాలయానికి చేరి, కంప్యూటర్‌లో నమోదై, చెల్లింపు ఉత్తర్వు తయారు కావాలి. ఒక టెక్నికల్ అసిస్టెంట్ పలు గ్రామాలు చూడవలసి వచ్చినప్పుడు కొలతల పుస్తకమే జాప్యానికి కేంద్రమవుతుంది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పథకం ఆరంభంలోనే టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ సహకారంతో ప్రత్యేక సాఫ్ట్‌వేర్ రూపొందించింది. జాబ్ కార్డు నమోదు, పని అంచనా, మస్టరు, కొలతలు, చెల్లింపు ఉత్తర్వు అన్నీ ఈ సాఫ్ట్‌వేర్ ద్వారానే జరిగేలా ఏర్పాటు చేసింది. దీనివల్ల రెండు ప్రయోజనాలు కలిగాయి. కంప్యూటర్‌లో నమోదు కాని పనికి చెల్లింపు జరగదు. ప్రతి దశకూ తేదీ నమోదవుతుంది కనుక ఏ మండలంలో, ఏ బల్లపై కాగితం ఎన్ని రోజులు ఆగిందో జిల్లా నీటి యాజమాన్య సంస్థ కార్యాలయం నుంచే చూడవచ్చు. 2010 తర్వాత మొబైల్ ఫోన్ల ద్వారా మస్టరు, కొలతల వివరాలు పంపే విధానాన్ని కూడా రాష్ట్రం ప్రవేశపెట్టింది.

తపాలా కార్యాలయం నుంచి స్మార్ట్ కార్డు వరకు

పని చేయించే సంస్థ చేతిలోనే కూలి పంపిణీ ఉంటే అక్రమాలకు ఆస్కారం ఉంటుంది. దీనిని నివారించేందుకు రాష్ట్రంలో తొలి నుంచీ తపాలా కార్యాలయాల్లో పొదుపు ఖాతాల ద్వారా కూలి చెల్లింపు చేపట్టారు. ఫలితంగా పారదర్శకత పెరిగింది. అయితే గ్రామాల్లోని చిన్న తపాలా శాఖల్లో నగదు నిల్వ పరిమితం. కూలి సొమ్ము విడతలు విడతలుగా చేరడంతో చివరి అంచెలో ఆలస్యం తప్పలేదు.

దీనికి పరిష్కారంగా వేలిముద్రల ఆధారంగా గ్రామంలోనే కూలి అందించే స్మార్ట్ కార్డు విధానాన్ని రాష్ట్ర ప్రభుత్వం అమలు చేసింది. అనంతపురం సహా 8 జిల్లాల్లో 157 మండలాలను ఎంపిక చేసి, ఏ మండలంలో ముందు ప్రారంభించాలో లాటరీ పద్ధతిన నిర్ణయించారు. దాదాపు 1.9 కోట్ల జనాభా ఉన్న ఈ ప్రాంతంలో 2010 నుంచి జరిగిన అమలును ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, పాల్ నీహౌస్, సందీప్ సుఖ్తాంకర్ అధ్యయనం చేసి, ఫలితాలను 2016లో ప్రచురించారు. స్మార్ట్ కార్డు మండలాల్లో పని చేసిన నాటి నుంచి కూలి అందేదాకా పట్టే కాలం సుమారు 6 నుంచి 10 రోజులు తగ్గింది. కూలి తీసుకునేందుకు వెచ్చించే సమయం ఒక్కో చెల్లింపుకు సగటున 22 నిమిషాలు తగ్గింది. కూలి ఏ రోజు అందుతుందో ముందుగా అంచనా వేసుకునే వీలు పెరిగింది. పక్కదారి పట్టే సొమ్ము తగ్గింది. పథకం పూర్తిస్థాయిలో అమలు కాకపోయినా ఈ ఫలితాలు రావడం గమనార్హం.

ఆలస్యానికి పరిహారం

2014 జనవరిలో సవరించిన షెడ్యూలు ప్రకారం, మస్టరు ముగిసిన తేదీ నుంచి 16వ రోజు దాటిన ప్రతి దినానికి, చెల్లించని కూలిపై 0.05 శాతం చొప్పున కూలీకి పరిహారం చెల్లించాలి. ఈ సొమ్మును రాష్ట్ర ప్రభుత్వం ముందుగా చెల్లించి, జాప్యానికి బాధ్యులైన వారి నుంచి రాబట్టుకోవచ్చు.

ఈ పరిహారం పరిమాణం ఎంతో పరిశీలిద్దాం. ఒక కూలీకి వారానికి రూ.1,800 రావలసి ఉంటే, రోజుకు పరిహారం 90 పైసలు. 20 రోజులు ఆలస్యమైతే రూ.18. నెల లెక్కన చూస్తే ఇది నూటికి రూపాయిన్నర వడ్డీతో సమానం. కూలి ఆలస్యమైనప్పుడు ఆ కుటుంబం ఇల్లు గడుపుకునేందుకు నూటికి రెండు, మూడు రూపాయల వడ్డీకి చేబదులు తెచ్చుకుంటే, పరిహారం ఆ వడ్డీకి కూడా సరిపోదు. కాబట్టి పరిహారాన్ని కూలీకి జరిగిన నష్టానికి పూర్తి భర్తీగా పరిగణించలేము. ఏ దశలో ఎవరి వల్ల ఆలస్యమైందో రికార్డు చేయించే సాధనంగా మాత్రం దానికి విలువ ఉంది.

సామాజిక తనిఖీ

చట్టంలోని 17వ సెక్షన్ గ్రామసభలకు పనులపై సామాజిక తనిఖీ జరిపే అధికారం ఇచ్చింది. ఈ నిబంధనను రాష్ట్రవ్యాప్తంగా క్రమబద్ధంగా అమలు చేయడంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దేశానికి మార్గదర్శకంగా నిలిచింది. 2006లోనే తనిఖీలు ప్రారంభమయ్యాయి. అదే ఏడాది అనంతపురం జిల్లాలో స్వచ్ఛంద కార్యకర్తలు పాదయాత్రలుగా గ్రామాలకు వెళ్లి పెద్దఎత్తున సామాజిక తనిఖీ జరిపారు. 2009లో ఈ బాధ్యతను ప్రత్యేక స్వతంత్ర సంస్థకు అప్పగించారు.

తనిఖీ బృందం కూలీల ఇళ్లకు వెళ్లి, కార్డులోని వివరాలను మస్టర్లతో సరిపోల్చి, ఫలితాలను బహిరంగ సభలో చదివి వినిపిస్తుంది. ఇక్కడ సాధారణంగా బోగస్ పేర్లు, తప్పుడు కొలతలపైనే అందరి దృష్టి ఉంటుంది. తేదీల తేడాలు కూడా అంతే ముఖ్యమైనవి. కార్డు కూలీ చేతిలో కాకుండా మరొకరి వద్ద ఉండటం, కార్డులో పని వివరాలు రాయకపోవడం వంటి లోపాలు బయటపడేది ఈ తనిఖీలోనే. కార్డు తన వద్ద లేని కూలీ గడువు గురించి ప్రశ్నించే స్థితిలో ఉండడు.

సుప్రీంకోర్టు తీర్పు

నేరుగా బ్యాంకు ఖాతాలకు నగదు బదిలీ విధానం వచ్చాక జాప్యం కొత్త రూపం దాల్చింది. మస్టరు ముగిసిన నాటి నుంచి నిధుల బదిలీ ఉత్తర్వుపై సంతకాలయ్యే దాకా మొదటి దశ. ఇది మండలం, రాష్ట్ర యంత్రాంగం బాధ్యత. ఆ ఉత్తర్వు కేంద్రానికి చేరి, సొమ్ము ఖాతాలో జమ అయ్యే దాకా రెండో దశ. పరిహారం లెక్కింపులో మొదటి దశ జాప్యాన్నే పరిగణనలోకి తీసుకోవడంతో రెండో దశ జాప్యం నమోదు కాకుండా పోయింది.

స్వరాజ్ అభియాన్ దాఖలు చేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2018 మే 18న తీర్పు వెలువరిస్తూ, రెండో దశలో కూడా కూలి వెంటనే జమ కావాలని, లేనిపక్షంలో పరిహారం చెల్లించాలని, ఈ బాధ్యత నుంచి కేంద్ర ప్రభుత్వం తప్పించుకోజాలదని స్పష్టం చేసింది. కూలీకి రెండు దశలు కనిపించవు. ఖాతాలో సొమ్ము పడిందా లేదా అన్నదే అతనికి తెలుస్తుంది. జాప్యాన్ని కూలీ దృష్టితో కొలవాలన్న సూత్రాన్ని ఈ తీర్పు నిలబెట్టింది.

హాజరు యాప్, ఆధార్ చెల్లింపులు

2023 జనవరి 1 నుంచి పని ప్రదేశాల్లో మొబైల్ యాప్ ద్వారా రోజుకు రెండుసార్లు ఫొటోలతో హాజరు నమోదు తప్పనిసరైంది. 2024 జనవరి 1 నుంచి కూలి చెల్లింపులకు ఆధార్ ఆధారిత విధానం తప్పనిసరైంది. బోగస్ హాజరు నివారణ, చెల్లింపుల వేగం ఈ చర్యల ఉద్దేశం. అయితే సిగ్నల్ అందని చోట హాజరు నమోదు కాకపోవడం, జాబ్ కార్డులోని పేరుకూ ఆధార్‌లోని పేరుకూ అక్షరాల తేడా ఉంటే చెల్లింపు తిరిగి రావడం వంటి కొత్త చిక్కులు ఏర్పడ్డాయి. ఇంటిపేరు ముందు రాయాలా, వెనుక రాయాలా అన్న చిన్న తేడా కూడా కూలిని ఆపివేయగలదు. ఇటువంటి సవరణలను పని ప్రారంభానికి ముందే, కార్డు జారీ లేక పునరుద్ధరణ సమయంలోనే పూర్తి చేయడం ఉత్తమం. మస్టరు ముగిశాక సరిదిద్దితే కూలి గడువు దాటిపోతుంది.

నూతన చట్టం

మహాత్మాగాంధీ ఉపాధి హామీ చట్టం స్థానంలో వికసిత్ భారత్ - గ్యారంటీ ఫర్ రోజ్‌గార్ అండ్ ఆజీవికా మిషన్ (గ్రామీణ్) చట్టాన్ని పార్లమెంటు 2025 డిసెంబరులో ఆమోదించింది. అదే నెలలో రాష్ట్రపతి ఆమోదముద్ర లభించింది. కుటుంబానికి ఏడాదికి హామీ ఇచ్చే పనిదినాలను ఈ చట్టం 125కు పెంచింది. అధిక రాష్ట్రాల్లో వ్యయాన్ని కేంద్రం, రాష్ట్రం 60:40 నిష్పత్తిలో భరించాలని నిర్దేశించింది. వ్యవసాయ పనులు ముమ్మరంగా సాగే కాలంలో ఏడాదికి మొత్తం 60 రోజుల వరకు పనులు నిలిపివేసేందుకు రాష్ట్రాలకు అవకాశం కల్పించింది.

మెట్ట ప్రాంతాల దృష్ట్యా ఈ విరామ కాలం నిర్ణయం జాగ్రత్తగా జరగవలసి ఉంది. వాన రాని ఏడాది విత్తనమే పడదు. పొలం పని లేని కాలంలో విరామం కూడా తోడైతే కూలీకి రెండు వైపులా పని కరువవుతుంది. కాలువ నీరు అందే ఊళ్లకూ, వాన మీద ఆధారపడే ఊళ్లకూ వ్యవసాయ పనుల కాలం ఒకటే కాదని, గార్లదిన్నె వంటి ఒకే మండలంలో రెండు రకాల ఊళ్లు ఉంటాయని యంత్రాంగం గమనించవలసి ఉంది.

పరిశీలించవలసిన తేదీలు

జాప్యాన్ని పరిశీలించే అధికారులు, విలేకరులు ఆరు తేదీలను పక్కపక్కన ఉంచి చూస్తే వాస్తవ పరిస్థితి బోధపడుతుంది. అవి: నమోదుకు దరఖాస్తు చేసిన తేదీ, కార్డు కూలీ చేతికి అందిన తేదీ, పని దరఖాస్తు రసీదుపై ఉన్న తేదీ, పని మొదలైన తేదీ, మస్టరు ముగిసిన తేదీ, ఖాతాలో కూలి జమ అయిన తేదీ. పని దరఖాస్తు తేదీ, పని మొదలైన తేదీ ఎల్లప్పుడూ ఒకటే అయి ఉంటే, అది అసాధారణ వేగానికి నిదర్శనం కావచ్చు, దరఖాస్తులు స్వీకరించకపోవడానికీ నిదర్శనం కావచ్చు. ఏది నిజమో రసీదు పుస్తకం చూసి, కూలీలను విచారించి తేల్చుకోవాలి. నిధుల బదిలీ ఉత్తర్వు తేదీని చెల్లింపు తేదీగా పరిగణించరాదు.

సాఫ్ట్‌వేర్, స్మార్ట్ కార్డులు, సామాజిక తనిఖీలు, న్యాయస్థానం తీర్పు ఇవన్నీ జాప్యాన్ని తగ్గించాయి. తగ్గిన చోటల్లా కారణం ఒక్కటే. తేదీ నమోదైంది, దానికి బాధ్యులెవరో తెలిసింది. పథకం పేరు మారినా, పనిదినాల సంఖ్య పెరిగినా ఈ సూత్రం మారదు. కూలీ పని అడిగిన రోజునే, తేదీ వేసిన రసీదు అతని చేతికి ఇవ్వడం అన్ని సంస్కరణలకూ తొలి మెట్టు. ఆ రసీదు అందిన కుటుంబం 15 రోజులు ఊళ్లో ఉండి ఎదురుచూడగలుగుతుంది. అందని కుటుంబం బెంగళూరు బస్సు ఎక్కుతుంది.